ఎండిన చెరువా, ఎండగట్టిన చెరువా?

పోయిన వారం చదవనివాళ్ళ కోసం రెండు ముక్కలు. ఊరి చివర ఎవడికీ అక్కర్లేని చవిటి నేలలో ఆరు కుటుంబాలు సొంత రెక్కలతో ఆరు చేపల చెరువులు తవ్వుకున్నాయి. ఒక్కోటి అరెకరం కూడా ఉండదు. వాటి మీదే తింటున్నారు, పిల్లల్ని చదివించుకుంటున్నారు, ఎవరి గుమ్మం ముందూ చేతులు కట్టుకు నిలబడకుండా బతుకుతున్నారు. నేల ప్రభుత్వానిది. "వాడకంలో ఉన్నంతకాలం మీదే" అని పద్నాలుగేళ్ళ కిందట ఒక కాగితం ఇచ్చారు. ఇప్పుడు ఇంకో కాగితం పంపారు. చెరువులు ఎండిపోయి వాడకంలో లేవట. పూడ్చేసి లారీల యార్డు కడతారట. అభ్యంతరాలుంటే బుధవారం ఆఫీసుకొచ్చి చెప్పుకోవచ్చట.

బుధవారం వచ్చింది. ఎనిమిదింటికల్లా రమ్మన్నారు, వెళ్ళారు. పదకొండింటికి పిలిచారు.

అందరికంటే ముందు లోపలికి అడుగుపెట్టింది గట్టక్క. చెరువు గట్టు మీదే కాపురం గనక ఆ పేరు వచ్చిందని కొందరంటారు, గొంతు గట్టిది గనక వచ్చిందని కొందరంటారు. రెండూ నిజమే. ఆమె వెనక మామగారు, అంటే భర్త తండ్రి. ఊళ్ళో అందరికీ ఆయన చెరువు తాత. మొదటి చెరువు తవ్విన చెయ్యి ఆయనది. ఆయన వెనక మేతల పిన్ని. ఆరు చెరువులకీ తవుడూ చెక్కపిండీ కలిపేది ఆవిడే, చేపలతో కూడా దెబ్బలాడగలదు. చివర్న గట్టక్క సొంత తమ్ముడు. చేపపిల్లల్ని డబ్బాల్లో తెచ్చి చెరువులకి అందించే వ్యాను అతనిది. అందుకని బండి తమ్ముడు అంటారు. గట్టక్క భర్తకి ఐసు ఫ్యాక్టరీలో పగటి షిఫ్టు, సెలవు దొరకలేదు.

గది నిండా ఇనప బీరువాలు. బల్ల వెనక ఆఫీసరు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పని సులువయ్యేది, నాలుగు తిట్టి బయటికి రావచ్చు. ఆయన కాగితాన్ని నమ్మే మనిషి. అలాంటివాళ్ళతోనే అసలు చిక్కు.

"చెరువుల్లో నీళ్ళున్నాయి సార్. చేపలున్నాయి. ఎండిపోయాయని ఎవడు రాశాడు?" గట్టక్క కూర్చోకుండానే అడిగింది.

"మీవాళ్ళే చెప్పారు, మావాళ్ళు రాసుకున్నారు. విను." ఆఫీసరు ఫైల్లోంచి ఒక కాగితం తీసి చదివాడు. "'పై చెరువుల్లో ఒకదాన్ని నేనే సాగు చేస్తున్నాను. చెరువు పూర్తిగా ఎండిపోయింది. అడుగు నేల పగిలింది. పగుళ్ళలో పాదం పడుతుంది. చేప అనేది ఒక్కటి కూడా లేదు. మిగతా అయిదూ ఇలాగే ఉన్నాయి.' కింద సంతకం."

"ఎవడిది ఆ దిక్కుమాలిన సంతకం?"

ఆఫీసరు కాగితం ఆమె వైపు తిప్పాడు.

చూసింది. గుండ్రటి పెద్ద పెద్ద అక్షరాలు, ఒకదానికొకటి తగలకుండా దూరదూరంగా కూర్చున్నాయి. వేలిముద్ర వెయ్యడం నామోషీగా ఉందని అరవయ్యో ఏట పలక తెప్పించుకుని మరీ నేర్చుకున్నాడు మామయ్య. చెయ్యి పట్టుకుని దిద్దించింది తనే.

"మామయ్యా!"

ముసలాయన తల వంచుకోలేదు. ఇంకా అర్థం కాలేదాయనకి. "అవునమ్మా, నేనే చేశా. ఆ రోజు సర్వేవాళ్ళు గట్టు మీదకొచ్చి, 'ఏం తాతా, చెరువు బాగా ఎండిందా?' అని అడిగారు. ఈ పద్నాలుగేళ్ళలో మన పని గురించి అంత మర్యాదగా అడిగినవాడు ఒక్కడుంటే చూపించు. బ్రహ్మాండంగా ఎండిందయ్యా అన్నా. లోపలికి దిగి పగుల్లో పాదం పెట్టి చూపించా. వాళ్ళు రాసుకున్నారు, నేను సంతకం పెట్టా."

ఈ మాట చేపలు పెంచని వాళ్ళకి పిచ్చిమాటలా ఉంటుంది. పెంచేవాడికి ఉండదు. పంట పట్టేశాక చెరువు ఖాళీ చేసి, అడుగు నేల పగిలేదాకా ఎండకి వదిలెయ్యాలి. బురదలో దాగిన రోగం చావాలి. పిల్లల్ని మింగే పిచ్చి చేపలు చావాలి. పగులు ఎంత లోతుగా వస్తే వచ్చే పంట అంత ఆరోగ్యం. నీ చెరువులో వేలు పడుతుందా, మా చెరువులో పాదం పడుతుంది అని గట్ల మీద నిలబడి గొప్పలు చెప్పుకుంటారు. ముసలాయన చేసింది అదే. పనిమంతుడు తన పనితనం చెప్పుకున్నాడు. ఎదుటివాడు దాన్ని చావుకబురుగా రాసుకున్నాడు.

"కొంప ముంచావు కదా పెద్దాయనా!" బండి తమ్ముడు అందరికంటే ముందు లేచాడు. "నోరు ఊరుకోదా నీకు? ఆరిళ్ళ నోట్లో మట్టి కొట్టావు. ఏ మొహం పెట్టుకుని తిరుగుతావు?"

"పొగిడితే చాలు ఈయనకి, ఒంటి మీద చొక్కా కూడా విప్పి ఇచ్చేస్తాడు," అంది మేతల పిన్ని. అనేసి, ముసలాయన మొహం చూసి నాలిక కరుచుకుంది.

అప్పటికి అర్థమైంది ఆయనకి. గోడ మీద చెయ్యి వేసి మెల్లగా బెంచీ మీద కూలబడ్డాడు.

గట్టక్కకి ఒళ్ళు మండింది. అబద్ధం ఎందుకు, ఒక్క నిమిషం పాటు మామగారి మీదే మండింది. నోటి దాకా వచ్చిన మాట మింగి బల్ల వైపు తిరిగింది.

"సార్, ఇంకోసారి చదవండి. రెండో వాక్యం."

"'చెరువు పూర్తిగా ఎండిపోయింది.'"

"మా మామయ్య ఏమన్నాడు? 'ఎండింది' అన్నాడు. 'పోయింది' ఎక్కణ్ణుంచి వచ్చింది? మూడక్షరాలు. ఎవడు కలిపాడు ఆ మూడక్షరాలు? మా చెరువు ఎండిపోలేదు. మేం ఎండగట్టాం. పని అది. నాగలి తోలిన నేల చూసి గడ్డి కూడా మొలవలేదని రాస్తారా?"

"ఎండిపోయినా ఎండగట్టినా నీళ్ళు లేవు కదమ్మా. మాకు కావలసింది అదే."

"బట్టతలవాడికీ జుట్టుండదు, గుండు కొట్టించుకున్నవాడికీ ఉండదు. ఇద్దరూ ఒకటేనా సార్?"

పక్కన రాసుకుంటున్న గుమాస్తా చెయ్యి దానంతటదే తన నెత్తి మీదకి వెళ్ళింది. మేతల పిన్ని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చూడమ్మా," ఆఫీసరు ఓపిక కూడదీసుకున్నాడు. "సర్వే చేసిన రోజు ఏముందో అదే రికార్డు. మేమేం చెయ్యలేం."

"అయితే ఆదివారం మేమొస్తాం సర్వేకి. మీ ఆఫీసుకి తాళం వేసుంటుంది. కుర్చీల్లో ఒక్కరుండరు. పాడుబడ్డ కొంప, వాడకంలో లేదు అని రాసుకుంటాం. సోమవారం పొద్దున్నే పలుగులు తెస్తాం, కూల్చేద్దాం. సరేనా?"

"మాటలు బాగానే వచ్చు నీకు."

"ఎండగట్టడం కూడా బాగా వచ్చు సార్. చెరువుల్నే కాదు. ఇదే కాగితం మైకులో చదివి ఊరూరా తిరుగుతాను. మూడక్షరాలు కలిపి ఆరు కుటుంబాల్ని ఎలా పూడ్చాలో జనానికి విడమరిచి చెప్తాను. లేదంటే లేచి రండి. మీ కళ్ళతో చూడండి. పదిహేను నిమిషాల దారి."

ఆఫీసరు ఫ్యాను వైపు చూశాడు, ఫైలు వైపు చూశాడు. చివరికి కుర్చీ వెనక్కి తోశాడు.

"సాయంత్రం అయిదింటికి నా నివేదిక పైకి వెళ్ళాలి. చేప నాకు కనిపిస్తే చెరువులు వాడకంలో ఉన్నాయని రాస్తా. కనిపించకపోతే ఈ కాగితమే ఖాయం. తర్వాత నన్ను అనొద్దు."

*

జీపు గట్టు కింద ఆగేసరికి ఎండ నడినెత్తిన ఉంది. అప్పటికే మిగతా ఇళ్ళవాళ్ళు గట్టు మీదకి చేరారు.

మొదటి చెరువు పచ్చగా, కదలకుండా పడుంది. చేప మాట దేవుడెరుగు, బుడగ కూడా లేదు.

"పాచి నీళ్ళు," అన్నాడు ఆఫీసరు.

గట్టక్క వంగి చెయ్యి మోచేతి దాకా నీళ్ళలో ముంచింది. "నా అరచెయ్యి కనిపిస్తుందా సార్?"

"లేదు."

"కనిపించకూడదు. కనిపిస్తే చేపకి పస్తన్నమాట. ఈ పచ్చదనమే వాటి తిండి. మీరు పాచి అన్నది మేం పెంచిన పంట."

"పాఠాలు వద్దు. చేపని చూపించు."

"ఈ ఎండకి పైకి రావు. అడుగున చల్లగా ఉంటుంది, అక్కడుంటాయి."

"అయితే వల వెయ్యి."

గట్టక్క తల అడ్డంగా ఊపింది.

చెరువులో చేపపిల్లల్ని వదిలి ఇరవై అయిదు రోజులైంది. వేలెడుంటాయి. వల లాగితే తెల్లవారుజామున లాగాలి, నీళ్ళు చల్లగా ఉన్నప్పుడు. మిట్టమధ్యాహ్నం వేడి నీళ్ళలో వేలెడు పిల్లల్ని వలలో కుదించి లాగితే ఊపిరాడదు. ఒకదాన్నొకటి రాసుకుని పొలుసు రాలుతుంది. సాయంత్రానికి సగం తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలతాయి, మిగతా సగానికి పుండ్లు పడతాయి. ఇది గట్టు మీద అందరికీ తెలుసు. ఆఫీసరుకి తెలీదు.

"రేపు తెల్లవారుజామున రండి సార్. గంపలకొద్దీ చూపిస్తా."

"రేపటికి నివేదిక వెళ్ళిపోతుంది."

"వేసేద్దాం అక్కా!" బండి తమ్ముడు అప్పుడే పాకలోంచి వల భుజాన వేసుకొచ్చేశాడు. "పిల్లలు పోతే పోయాయి, మళ్ళీ నేను తెచ్చిస్తా. ముందు చెరువు దక్కించుకో. మొండితనానికి ఇది వేళ కాదు."

"వాడు చెప్పింది నిజమే," అన్నారు ఇద్దరు ముగ్గురు.

"చచ్చినా ఫర్వాలేదా?" అంది మేతల పిన్ని. "ఇరవై అయిదు రోజులు చంటిపిల్లలకి పెట్టినట్టు పెట్టానురా వాటికి!"

ముసలాయన చొక్కా విప్పి గట్టు మీద పడేశాడు. వల రెండో కొస అందుకుని నీళ్ళలోకి నడిచాడు. "తప్పు నాది. నేనే లాగుతా. తప్పుకో అమ్మాయ్."

గట్టక్క చీరె ఎగదోపి నీళ్ళలోకి దిగింది. మామగారి ముందు అడ్డంగా నిలబడింది. వల తాడు పట్టుకుని ఆయన చేతుల్లోంచి మెల్లగా విడిపించింది.

"నీ తప్పేం లేదు మామయ్యా. నీ పని నువ్వు చెప్పుకున్నావు. నీ మాట వంకర చేసినవాడిది తప్పు. ఒడ్డున ఉండు." తర్వాత అందరికీ వినపడేలా అంది. "ఎవరూ వల ముట్టుకోవద్దు. బతికున్నాయని చూపించడానికి వాటిని చంపాలా? చంపి చూపించాక ఇంకేం మిగులుతుందని చెరువు? నీళ్ళ గుంట మిగులుతుంది. అప్పుడు ఆ కాగితంలో రాసిందే నిజమవుతుంది."

"నాకు కనిపించాలి, అంతే," ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

"కనిపించాలా, తెలియాలా?"

"ఏంటి తేడా?"

"బూట్లు విప్పండి సార్."

"ఏయ్!" గుమాస్తా ముందుకొచ్చాడు. "ఎవరితో మాట్లాడుతున్నావు? మర్యాద!"

"మర్యాదగానే పిలుస్తున్నా. పొద్దున ఎనిమిదింటి నుంచి మమ్మల్ని మీ వరండాలో కూర్చోబెట్టారు. ఇవ్వాళ వీటికి మేత పడలేదు. ఆకలి మీదున్నాయి. మేత సంచి మీ చేత్తో మీరే తెచ్చి నీళ్ళలో ఉన్న ఆ కర్రకి కట్టండి. చేప ఉందో లేదో మీ కాళ్ళు చెప్తాయి. నా మాట నమ్మొద్దు, మా మామయ్య సంతకం నమ్మొద్దు. మీ కాళ్ళని నమ్మండి."

గట్టు మీద ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. ఆఫీసరు నీళ్ళ వైపు చూశాడు. ఒడ్డుకి పది అడుగుల దూరంలో వెదురుకర్ర, దానికి ఖాళీ సంచి.

"వద్దు సార్, జలగలుంటాయి," అన్నాడు గుమాస్తా.

"జలగలు ఆఫీసుల్లో ఉంటాయి, మా చెరువుల్లో ఉండవు," అంది మేతల పిన్ని. అప్పటికే కొత్త సంచిలో తవుడూ చెక్కపిండీ పోసి, అడుగున ఉన్న చిల్లులు సరిచూస్తోంది. "సార్‌కి చిన్నది ఇవ్వనా, పెద్దదా?"

ఆఫీసరు వంగి బూటు విప్పాడు. మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది. చటుక్కున దాన్ని కూడా లాగేసి బూటులో కుక్కాడు. ప్యాంటు మోకాళ్ళ పైకి మడిచాడు. సంచి పట్టుకున్నాడు.

మొదటి అడుగుకే చీలమండ దాకా బురదలో దిగబడ్డాడు. ముసలాయన పక్కనే నడిచి మోచెయ్యి పట్టుకున్నాడు. "కాలు ఎత్తకండి, ఈడ్చండి," అని చెప్తూ కర్ర దాకా తీసుకెళ్ళాడు. ఆఫీసరు సంచి కట్టాడు. ముడి సరిగ్గా పడలేదు, ముసలాయన సరిచేశాడు. సంచి నీళ్ళలో మునిగింది. చిల్లుల్లోంచి తవుడు గోధుమరంగు పొగలా విచ్చుకుంది.

ఏమీ జరగలేదు.

గట్టక్క నీళ్ళలోనే నిలబడి ఉంది. చీరె కుచ్చెళ్ళు తడిసి బరువెక్కాయి. మనసులో ఒక్కటే లెక్క. ఈ ఎండకి ఆకలి కూడా చస్తుందా? చేపకి ఆకలి పెద్దదా, వేడి పెద్దదా? ఇన్నేళ్ళలో ఇలాంటి వేళ ఎప్పుడూ మేత పెట్టలేదు. తెలీదు. తెలీకుండానే ఆరిళ్ళని ఆ సంచికి కట్టేసింది.

"అక్కా, ఇక చాలు. వల వెయ్యనీ," ఒడ్డు నుంచి తమ్ముడు.

ఆఫీసరు ఉలిక్కిపడ్డాడు. కాలు వెనక్కి తియ్యబోయి ఆగాడు. ముసలాయన చేతిని గట్టిగా పట్టుకున్నాడు.

"పిక్క దగ్గర... ఏదో తగిలింది."

"కదలకండి సార్," ముసలాయన గొంతు తగ్గించాడు.

"ఇంకోటి. ఇదిగో ఇంకోటి. వేళ్ళ సందుల్లో..." ఆఫీసరు ఊపిరి బిగబట్టాడు. కర్ర ఒకసారి వణికింది. సంచి చుట్టూ నీళ్ళు మసిలినట్టు కదిలాయి. వేలెడు వెండి చేపలు నాలుగైదు తళుక్కుమని మళ్ళీ పచ్చదనంలో కలిసిపోయాయి. తర్వాత పదీ ఇరవై. తర్వాత లెక్కకి అందలేదు. కర్ర ఎవరో ఊపుతున్నట్టు ఊగింది.

గట్టు మీద ఈలలు పడ్డాయి. మేతల పిన్ని రెండు చేతులూ చాచి, "తినండ్రా, తినండి, గవర్నమెంటు వడ్డిస్తోంది!" అని అరిచింది.

"రాసుకో!" ఆఫీసరు గుమాస్తాని కేకేశాడు. "చేప ఉంది."

"ఎన్ని సార్?"

"నువ్వు దిగి లెక్కపెట్టు."

ఇక్కడితో అయిపోతే ఈ కథ ఇన్ని వారాలు రాయక్కర్లేదు. ఆఫీసరు ఒడ్డుకి రాలేదు. సంచి వైపే చూస్తూ నిలబడ్డాడు. అప్పుడే ఆయన మొట్టమొదటిసారి కాగితంలో లేని ప్రశ్న అడిగాడు.

"తాతా, ఏడాదిలో ఎన్నాళ్ళు ఎండగడతారు?"

"పద్దెనిమిది రోజులండి. మహా అయితే ఇరవై."

"మిగతా రోజులన్నీ నీళ్ళుంటాయి?"

"ఉంటాయండి."

"మరి మావాళ్ళు సరిగ్గా ఆ ఇరవై రోజుల్లోనే ఎలా వచ్చారు? ఎండగట్టడం అనే పని ఒకటుందని నాకు ఇవ్వాళే తెలిసింది. మా సర్వేవాళ్ళకి ముందే ఎవరు చెప్పారు?"

ముసలాయన సంచి ముడి మళ్ళీ బిగించాడు.

"చేప ఉందని నేను రాస్తానమ్మా," ఆఫీసరు గట్టక్క వైపు తిరిగాడు. "కానీ ఈయన సంతకం పెట్టిన కాగితం ఫైల్లో ఉన్నంతకాలం, నా తర్వాత వచ్చేవాడు మళ్ళీ దాన్నే బయటికి తీస్తాడు. అది కొట్టెయ్యాలంటే ఆ రోజు ఎవరెవరున్నారో, ఎవరు తీసుకొచ్చారో మీ నోటితో చెప్పాలి, నేను రాయాలి. కాగితంలో సాక్షి దగ్గర ఖాళీ వదిలేశారు. తాతా, ఎంతమంది వచ్చారు?"

"ముగ్గురు."

"మావాళ్ళు ఇద్దరే. మూడోవాడెవరు?"

ముసలాయన కోడలి వైపు చూశాడు. పొద్దున్నుంచి అన్ని మాటలు పడ్డప్పుడు కూడా ఆయన కళ్ళలో ఇంత బాధ లేదు.

"వద్దమ్మా. తప్పు నా మీదే ఉండనియ్యి. నేను పడతా."

"చెప్పు మామయ్యా."

"చెప్తే నీ పుట్టిల్లు పోతుందే తల్లీ."

గట్టు మీద వల జారి పడింది. అంచుకి కట్టిన సీసం గుళ్ళు రాళ్ళకి తగిలి గలగలమన్నాయి. ఎవరి భుజం మీంచి జారిందో అందరూ తిరిగి చూశారు. గట్టక్క ఒక్కతే తిరగలేదు.

చెరువులు ఎప్పుడు ఎండగడతారో, పిల్లలు ఏ రోజుకి కావాలో ముందే తెలిసినవాడు ఈ చుట్టుపక్కల ఒక్కడే. పిల్లల బండివాడు. అమ్మ పనికి పోతే తన చంక మీదే పెరిగినవాడు.

"అక్కా, నా మాట విను. వాళ్ళు నాకేం చెప్పారంటే..." వెనక నుంచి గొంతు.

ఆమె ఆఫీసరు మొహంలోకి సూటిగా చూసింది.

"మా మామయ్యని అడగొద్దు సార్. ఆ పేరు నేను చెప్తా. కలం తియ్యండి."